తలకింత

“సగం సగం అంటే ఎలారా బెంజమిన్? న్యాయమన్నది ఉండాలి కదా” అన్నారు యాకోబుగారు.

తమ్ముడు బెంజమిన్ వేళ్ల మీద కడుతున్న లెక్క ఆపి అన్నయ్య వైపు తిరిగాడు. మేస్త్రి శ్యామ్ బాబు కొలతల టేపు జేబులో పెట్టుకుని, అన్నదమ్ముల మధ్య నుంచి మెల్లగా పక్కకు జరిగాడు. బాత్రూం మొత్తం తిరగగట్టాలంటే లక్షా నలభై వేలవుతుందని అతను చెప్పి ఇంకా నిమిషం కాలేదు.

అమలాపురంలో ఆ పాతింటిని అన్నదమ్ములిద్దరూ ఎప్పుడో చెరి సగం చేసుకున్నారు. హాలుకు అడ్డంగా గోడ కూడా లేపుకున్నారు. దొడ్లో ఉన్న ఒక్క బాత్రూమే ఎటూ తెగక ఉమ్మడిగా మిగిలింది. దాన్ని బాగుచేయించాలని మొదలెట్టింది కూడా యాకోబుగారే. మోకాళ్లు అరిగిపోయాయి, గొంతుక్కూర్చుంటే లేవలేకపోతున్నాను, వెస్టర్న్ కమోడ్ పెట్టించకపోతే బతకలేనని నెల రోజులుగా తమ్ముడి ప్రాణం తీస్తున్నారు. ఖర్చు మాట వచ్చేసరికి మోకాళ్ల నొప్పి మరిచిపోయి న్యాయం గుర్తుకొచ్చింది.

“మేం ఇద్దరం, మీరు ఐదుగురు. నీళ్లెవరు ఎక్కువ పోస్తున్నారు? తలుపెవరు ఎక్కువ బాదుతున్నారు? ఏడు తలలు, తలకి ఇరవై వేలు. అదీ లెక్క.”

“ఐదుగురేంటన్నయ్యా? చంటిదానికి ఇంకా ఏడాదైనా నిండలేదు. అది బాత్రూంకెళ్తుందా?”

“దాని గుడ్డలెక్కడ ఉతుకుతున్నారు, గోదాట్లోనా? తలంటే తలేరా. చిన్న తలకో లెక్కా, పెద్ద తలకో లెక్కా ఉండదు.”

బెంజమిన్ గొంతు పెంచబోతుండగా అతని భార్య లిడియా చంటిదాన్ని చంకనేసుకుని వచ్చింది. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడదు. అందుకని ఆమెను నోట్లో నాలుక లేని పిల్లగా జమకట్టేశారు యాకోబుగారు.

“బావగారు చెప్పింది న్యాయమేనండి” అంది భర్తతో. “చంటిదాన్ని కూడా కలిపేయండి. కాకపోతే బావగారూ, ఖర్చు ఒక్కదానికేనా, అన్నిటికీ ఇదే లెక్కాండీ?”

రేపు కొళాయి పాడైనా, ఎల్లుండి సెప్టిక్ ట్యాంకు నిండినా అయ్యే ఖర్చంతా యాకోబుగారి కళ్లముందు కదిలింది. ఆయనకు లోపల నవ్వొచ్చింది గానీ పైకి పెద్దమనిషిలాగే ఉన్నారు.

“అన్నిటికీ ఇదే లెక్కమ్మా. మేస్త్రీ, నువ్వే సాక్షి.”

“ఆయ్” అన్నాడు శ్యామ్ బాబు.

ఆ రాత్రి సంగతంతా విని ఆయన భార్య ఝాన్సీ, చంటిపిల్ల మీద కూడా వేసేరా అని నొచ్చుకుంది. నీకు లెక్కలు రావు, పడుకోమన్నారు యాకోబుగారు.

మర్నాటి నుంచి ఆయన అభిరుచి పెరిగిపోయింది. మామూలు టైల్స్ ఏం బాగుంటాయి, రావులపాలెం వెళ్లి మెరిసేవి తెమ్మన్నారు. గీజరు ఉండాలన్నారు. షవరు ఉండాలన్నారు. పట్టుకుని లేవడానికి గోడకి స్టీలు రాడ్డు, దీపం వెలిగే అద్దం. ఒక్కోటీ చెప్పినప్పుడల్లా బెంజమిన్ మొహం పాలిపోయేది. లిడియా మాత్రం “ఆయ్, అలాగేనండి” అనేది. అంతా కలిపి రెండు లక్షల పదివేలు తేలింది. యాకోబుగారి వాటా అరవై వేలు. ఇన్ని హంగులు పెట్టించినా మొదట అనుకున్న సగం కంటే పదివేలు తక్కువేనని ఆయన మురిసిపోయారు. అటువైపు బెంజమిన్ చీటీ పాడేశాడు, లిడియా గాజులు బ్యాంకుకు వెళ్లాయి. ఆ సంగతి యాకోబుగారికి తెలుసు. తెలిసినా ఎవరి తలలు వాళ్లు మోసుకోవాలి కదా అనుకున్నారు.

పని జరిగినన్నాళ్లూ రెండిళ్లవాళ్లూ పక్కింటి రాజేంద్ర దయమీదే గడిపారు. పాపం రాజేంద్ర మంచివాడే, కానీ పొద్దున్నే తలుపు ముందు వరస చూసి చూసి విసిగిపోయాడు. పని పూర్తయిందన్న రోజున వీళ్లకంటే ముందు అతనే దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు.

ఆదివారం సాయంత్రం పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. రిబ్బను యాకోబుగారే కత్తిరించారు. అన్నదమ్ములన్నాక లెక్క సరిగ్గా ఉంటే తగువులుండవని నాలుగు మాటలు కూడా చెప్పారు. తర్వాత కూర్చుని, ఝాన్సీ వద్దంటున్నా వినకుండా రెండుసార్లు రొయ్యల బిర్యానీ వడ్డించుకున్నారు.

సోమవారం తెల్లవారుతుండగా ఆయనకంటే ముందు ఆయన కడుపు లేచింది. తువ్వాలు భుజాన వేసుకుని, ఆ మోకాళ్లతోనే దాదాపు పరుగెడుతూ దొడ్లోకి వచ్చారు. తలుపుకి కొత్త తాళం వేసి ఉంది. తలుపు పక్కనే పీట మీద లిడియా, ఒళ్లో చంటిది.

“తాళం తియ్యమ్మా, తొందరగా.”

“మీ లెక్కేనండి బావగారూ” అంది లిడియా ఎప్పటిలాగే మెల్లగా. “అన్నిటికీ ఒకటే లెక్కన్నారు కదండీ. ఏడు తలలు, వారానికి ఏడు రోజులు. తలకో రోజు. శని, ఆదివారాలు మీ ఇద్దరివీ. ఆ రెండ్రోజులూ మేం ఇటు తొంగి కూడా చూడం.”

యాకోబుగారు ఓ కాలి మీద నిలబడ్డారు. తర్వాత రెండో కాలి మీద నిలబడ్డారు. పక్కింటివైపు చూస్తే రాజేంద్ర తలుపు బిగించి ఉంది. నుదుటి మీద చెమట పట్టింది, న్యాయం మాట మరిచిపోయి చేతులు జోడించారు.

“ఇవాళ్టికి తియ్యి తల్లీ. ఇవాళ ఎవరి వంతో చెప్పు, వాళ్లని నేనే బతిమాలుకుంటాను.”

లిడియా లేచి, చంటిదాన్ని తీసి ఆయన చేతుల్లో పెట్టింది.

“దీనిదేనండి. అడగండి.”