కళ్ళజోడు హాజరు

ఆ రోజుల్లో అందరిలాగే సౌదామిని ఉద్యోగార్హత సర్టిఫికెట్‌కూ మూడు రోజులే ఆయుష్షు. గడువులోగా ఏదో ఒక కాన్ఫరెన్స్ చూసి, చివర్లో అడిగినవాటికి జవాబులు చెప్పకపోతే ఆఫీసు సర్వర్ లోపలికి రానివ్వదు. కాన్ఫరెన్సులన్నీ కళ్ళజోడులోనే. కునుకు పడితే హాజరు పోతుంది.

ఆ ఆదివారం చంటిదానికి జ్వరం. ఒళ్ళోంచి దిగనంటోంది.

"అత్తయ్యా, నా బదులు కాసేపు ఈ జోడు పెట్టుకుని కూర్చోండి. నిద్ర మాత్రం పోకండి" అంది సౌదామిని.

తాయారమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నాలుగు గంటలు వింది. చివరి ప్రశ్నలకు టకటకా చెప్పేసింది. విన్నదే కదా అడిగారు!

సోమవారం పొద్దున ఇంట్లోనే ఆఫీసు పనికి కూర్చుంటే సర్వర్ ఎంతకీ తెరుచుకోలేదు. 'సౌదామిని గడువు దాటిపోయింది' అని తెర మీద చూపించింది. జోడు హాజరు వేసేది ఎవరి కళ్ళో గుర్తుపట్టి అన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

అంతలో వంటింట్లో తాయారమ్మ ఫోన్ మోగింది. ఆవిడ అంతా విని, చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అమ్మాయ్, మీ ఆఫీసువాళ్ళు. ఈ ఇంట్లో సర్టిఫికెట్ ఉన్నది నాకేనట, నీ సీట్లో నన్ను కూర్చోమంటున్నారు. కాస్త లే. పప్పులో ఉప్పు వెయ్యలేదు, చూసుకో."