ఊడని గుండీలు

గుండీ ఊడలేదు.

శిక్ష అమలు చేస్తున్న అడ్జుటెంట్ మళ్లీ లాగాడు. మనిషి ఎద్దులా ఉంటాడు. ఆ లాగుడికి కెప్టెన్ మార్సాల్ ఒకడుగు ముందుకొచ్చాడు తప్ప గుండీ రాలేదు. పటాలమంతా బారులు తీరి చూస్తోంది. కమ్మీల అవతల "దేశద్రోహి" అని అరుస్తున్న జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇక నవ్వులు ఆగలేదు. చివరికి అడ్జుటెంట్ చాకు తెప్పించుకుని, చెమటలు కక్కుతూ ఒక్కో గుండీ కోసుకోవాల్సి వచ్చింది.

కెప్టెన్ మాత్రం "నేను ఏ తప్పూ చేయలేదు" అని ఒక్కసారే గట్టిగా అన్నాడు.

అసలు ఫ్రెంచి సైన్యంలో ద్రోహిగా తేలిన అధికారి గుండీలూ పట్టీలూ అందరిముందూ పీకేసి, కత్తి విరిచేసే ఈ తంతుకి బలంతో పనిలేదు. ముందురోజే దర్జీ కోటు తెప్పించుకుని, గుండీలకీ భుజం పట్టీలకీ ఒక్క పోగు ఉంచి మిగతా కుట్లన్నీ తెంపేస్తాడు. కత్తిని కూడా ఇట్టే విరిగేలా ఆకురాయితో అరగదీసి ఉంచుతారు. చూసే జనానికి అదంతా సైన్యం ఆగ్రహంలా కనిపిస్తుంది.

ఆ దర్జీ సార్జెంట్ ఫిర్మిన్. పని శ్రద్ధగానే చేసి కోటు తిరిగి పంపేశాడు. మామూలు సిపాయిగా చేరి పైకొచ్చిన ఈ కెప్టెన్ అంటే అతనికి మొదటినుంచీ పడదు. ఒక్క దారం వేలాడినా కోటు వెనక్కి పంపే రకం ఆ కెప్టెన్.

"కోట నక్షాలు జర్మన్లకి అమ్మాడు. పైగా అమ్మలేదంటాడు," అన్నాడు కుట్లు తెంపుతూ భార్యతో. "నిప్పు లేకుండా పొగ వస్తుందా?"

కెప్టెన్ జైల్లో పడ్డాక కూడా నక్షాలు సరిహద్దు దాటుతూనే ఉన్నాయి. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

మధ్యాహ్నం కల్నల్ ఫిర్మిన్‌ని పిలిపించాడు. నవ్వులపాలైన కోపం ఆయన మొహంలో ఇంకా తగ్గలేదు.

"ఆ ద్రోహికి నువ్వు తోడా?"

"అన్నీ తెంపానండీ. మా ఆవిడ కూడా చూసింది."

పెళ్లాం సాక్ష్యం చెల్లదన్నాడు కల్నల్. కోసిన గుండీలు బల్లమీద పోశాడు. వాటికి మైనం పట్టిన దారం అంటుకుని ఉంది. ఫిర్మిన్ తెల్లబోయాడు. ఆ దారం తనది కాదన్నాడు. ఆ కుట్టు తనది కాదన్నాడు. చర్చి మీద ఒట్టేశాడు. అరిచి గీపెట్టాడు.

"నువ్వు కుట్టకపోతే వాటంతటవే కుట్టుకున్నాయా? నిప్పు లేకుండా పొగ వస్తుందటయ్యా?" అన్నాడు కల్నల్.

విచారణ అంతే. ఇన్నేళ్ల నౌకరీ, రేపోమాపో రావాల్సిన పెన్షను, రెండూ పోయాయి. కెప్టెన్ని ఖైదీల దీవికి పంపే ఓడ ఎక్కించడానికి తీసుకెళ్లిపోయారు. ఖాళీ అయిన అతని జైలు గదిలోకే ఫిర్మిన్‌ని తోశారు.

ఫిర్మిన్ తలుపు తన్నాడు. గోడ గుద్దాడు. వచ్చినవాడికల్లా మొదటినుంచీ చెప్పాడు. ఒక్కడూ పూర్తిగా వినలేదు. ఆ గింజుకోవడంలో అతని కోటు గుండీ ఒకటి ఊడి వేలాడింది.

పొద్దున్నే కాపలావాడు బాస్తియే కాఫీ తెచ్చాడు. నేడో రేపో అన్నట్టుండే ముసలాడు. అడిగితే తప్ప మాట్లాడడు. అతన్ని ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు. వేలాడుతున్న గుండీ వంక చూసి జేబు తడుముకున్నాడు.

"సూదీ దారం ఇమ్మంటారా సార్జెంటు గారూ? నిన్న కెప్టెన్ గారు కూడా, వదులు గుండీలతో కవాతుకెలా వెళ్తానయ్యా అని నన్నడిగి తీసుకుని, ఇదే బల్లమీద కూర్చుని అన్నీ బిగించుకున్నారు పాపం."