మగ్గం ఆగినాక

"మళ్లీ నీళ్లు పోయాకు!" చౌడమ్మ మొగుడి చేతిలోని చెంబు పట్టుకుంది.

"పోయకుంటే ఈ ఎండకు పడుగు పోగులు తెగిపోతాయి," అంటూ ఓబులేసు మగ్గం గుంతలో నీళ్లు చల్లి, కాళ్లు దించి కూర్చున్నాడు.

ఇంట్లో ఉన్నది ఆ ఒక్క మగ్గమే. పొద్దున ఆమె, మధ్యాహ్నం అతను ఆ తడిలోనే తొక్కుడుచెక్కల మీద కాళ్లు పెట్టాలి. చౌడమ్మ కాలివేళ్ల సందులు తెల్లగా నాని, ఒరుసుకుపోయి మండిపోతున్నాయి. మందు పూస్తే మానుతుంది, మళ్లీ వస్తుంది. ఇది మూడోసారి.

"కాళ్లు కడుక్కునే శుద్ధి లేకుంటే అంతే. మా ఇంట్లో ఎవురికన్నా ఉండాదా ఈ రోగం?" నూలు కండెలు చుడుతూ అత్త రామక్క సణిగింది. కోడలి చాపను ఆమె పంచలోకి విసిరేసి నెలయింది.

చౌడమ్మ మందు గొట్టం తీసి వేళ్ల సందుల్లో పూసుకుంది.

ఇంతలో పోగు తెగింది. ఓబులేసు మగ్గం ఆపి, వంగి ముడి వేస్తున్నాడు. మగ్గం ఆగినా గుంతలో గరగర ఆగలేదు.

ఆ చప్పుడు చౌడమ్మకు బాగా తెలుసు. దురద ఓర్చుకోలేక వేళ్లను చెక్కకేసి రుద్దితే వచ్చేది.

"కాలు పైకి తియ్."

ఓబులేసు కాలును ఇంకా లోపలికి లాక్కున్నాడు.

"ఎప్పట్నించి?"

"దసరా నుంచి," అన్నాడు తలెత్తకుండా.

ఆమెకు మొదలైంది దీపావళికి.

మందు గొట్టం అతని ఒళ్లో పడేసింది. "ఇద్దరమూ పూసుకోవాల. దురద తగ్గినాక గూడా రెండు వారాలు."

తర్వాత అత్త వైపు తిరిగింది.

"అత్తా, నా చాప పంచలో ఏసినావు గదా. నీ కొడుకుదీ ఆడనే ఏయి."