తెలెజా అవ్వ బావి

"ఆ మూత బావి మీద పెట్టాలంటే ముందు నా నెత్తిన పెట్టండి!" అంటూ తెలెజా అవ్వ బావి గట్టెక్కి కూర్చుంది.

సిమెంటు పలక మోసుకొచ్చిన కూలీలు దాన్ని మళ్ళీ తోపుడు బండి మీదికి దించేసి, కౌన్సిలర్ ఎస్నాట్ చిబుయె వైపు చూశారు.

వానలకు మరుగుదొడ్ల గుంతలు పొంగి బస్తీ బావుల్లో కలిశాయి. కలరా సోకినవాళ్ళతో బడి ఆవరణలో వేసిన గుడారం నిండిపోయింది. పరీక్షల్లో అన్నిటికన్నా చెడ్డగా తేలింది ఈ బావే. అందుకే ఎస్నాట్ పొద్దున్నే మంచినీళ్ళ ట్యాంకరు తెప్పించి వీధి మలుపులో నిలబెట్టింది. బురదంటిన చితెంగె బట్టను నడుముకు బిగించుకుని అప్పట్నుంచీ ఈ గట్టు దగ్గరే నిలబడి ఉంది.

"దిగు అవ్వా. మీ ఎదురింటి రూతి సెలైను ఎక్కించుకుంటూ పడి ఉంది. ఈ నీళ్ళే తాగింది."

"నేనూ ఇవే తాగాను, నాకేమైంది? ఇవే తాగి నువ్వూ ఇంతదానివయ్యావు. అప్పుడు కౌన్సిలరువి కాదమ్మా, ముక్కు కార్చుకుంటూ తిరిగేదానివి!"

చుట్టూ మూగిన ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ఎస్నాట్ కూడా నవ్వేసింది.

"నిజమే అవ్వా. అప్పుడు నీ బావి చుట్టూ ఇన్ని మరుగుదొడ్లు లేవు."

"ట్యాంకరు దగ్గర వరస చూశావా?" బక్కెట్టు చంకన పెట్టుకున్న ఒకావిడ నిలదీసింది. "మా వంతు వచ్చేసరికి న్షిమా ముద్ద వండే పొద్దు దాటిపోతుంది. పిల్లలకేం పెట్టాలి?"

"రేపు ఇంకో ట్యాంకరు వస్తుంది. రాకపోతే మీ బక్కెట్లన్నీ తెచ్చి మా ఇంటి ముందు పెట్టి కూర్చోండి. కొళాయి పడేదాకా ట్యాంకర్లు ఇక్కణ్ణుంచి కదలవు. చెబుతున్నది నేను."

ఆ గొంతులో తొణుకు లేదు. ఒకరిద్దరు తలలూపారు. కూలీలు పలక మీద చేతులు వేశారు.

సరిగ్గా అప్పుడే చేతి మైకుతో వెబ్బీ సకాలా దిగాడు. కిందటి ఎన్నికల్లో ఎస్నాట్ చేతిలో ఓడిపోయి, రాబోయే ఎన్నికల కోసం కాచుకుని ఉన్న మనిషి. తెల్లచొక్కా మీద చిన్న మరక కూడా లేదు.

"తల్లులారా! ఓట్లప్పుడు నీళ్ళిస్తానంది ఈవిడ. ఇప్పుడు ఉన్న నీళ్ళు లాక్కుంటోంది! జబ్బూ లేదు, గిబ్బూ లేదు. ఈ బావి నీళ్ళు తేనె! ఊరుకుంటారా?"

జనం హోరెత్తారు. వెనకనుంచి ఎవరో విసిరిన మట్టిబెడ్డ ఎస్నాట్ భుజానికి తగిలి చితికింది. కూలీలు బండి వదిలేసి వెనక్కి జరిగారు. ఆరోగ్య కార్యకర్త బోస్కో ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"వెళ్ళిపోదాం మేడమ్. పోలీసులతో వద్దాం."

"పోలీసులు మూసిన బావిని జనం మళ్ళీ తెరుచుకుంటారు బోస్కో."

ఆమె భుజం మీది మట్టి దులుపుకుంది. గట్టు మీద ఉన్న రేకు మగ్గు అందుకుంది. అందులో నిండుగా నీళ్ళున్నాయి. తొణక్కుండా నడిచి వెళ్ళి వెబ్బీ ముందు ఆగింది.

"తేనె అన్నావుగా అన్నా. ఇదిగో, తాగు."

హోరు ఆగిపోయింది. వెబ్బీ నవ్వుతూనే మగ్గు అందుకున్నాడు. పెదవుల దాకా తెచ్చాడు. చెయ్యి అక్కడే నిలిచిపోయింది.

"నాకిప్పుడు దాహంగా లేదు."

"ఇంతసేపూ మైకులో అరిచావు, గొంతెండలేదా వెబ్బీ?" అందొక గొంతు. నవ్వులు లేచాయి.

తెలెజా అవ్వ నవ్వలేదు. "తాగు నాయనా," అంది బతిమాలుతున్నట్టు. "ఒక్క గుక్క. నా బావి పరువు దక్కించు."

వెబ్బీ మగ్గును గట్టు మీద పెట్టేశాడు. వేళ్ళ మీద చిందిన నీటిచుక్కల్ని ప్యాంటుకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. అవ్వ ఆ చేతులనే చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి మోకాళ్ళు పట్టుకుంటూ గట్టు దిగింది.

"పెట్టండర్రా మూత," అని మొహం పక్కకు తిప్పేసుకుంది.

ఎస్నాట్ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. "కొళాయి నీ గుమ్మం ముందే వేయిస్తానవ్వా. నీ పేరే పెడదాం."

"పేరు సంగతి తర్వాత. ముందు నీళ్ళు రానీ."

పలక బావి మీద కూర్చుంది. బక్కెట్లన్నీ ట్యాంకరు వైపు కదిలాయి. బోస్కో వరస సరిచెయ్యడానికి వాళ్ళ వెంట పరుగెత్తాడు. చివరి మనిషి మలుపు తిరిగేదాకా ఆగి, వెబ్బీ ఎస్నాట్ మీదికి విరుచుకుపడ్డాడు.

"ఎన్నికల కోసం మనిషిని చంపేస్తావా? జనం ముందు కలరా నీళ్ళు చేతికిస్తావా? నీకసలు గుండె ఉందా?"

ఎస్నాట్ గట్టు మీది మగ్గు తీసుకుంది. అతను చూస్తుండగానే ఎత్తి గటగటా తాగింది. వెబ్బీ ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఇవి ట్యాంకరు నీళ్ళు అన్నా. పొద్దున నాకోసం పట్టుకున్నాను. బావి నీళ్ళని నేనెక్కడన్నాను?"

వెబ్బీ ఖాళీ మగ్గులోకి తొంగిచూశాడు.

"మరి... నేను తాగేసి ఉంటే?"

ఎస్నాట్ మూతి తుడుచుకుంది.

"తాగేసి ఉంటే ఈసారి కౌన్సిలరువి నువ్వే!"