ఉస్తాద్‌కు రాని పని

“ఇంటర్‌కూలర్ ఎక్కడ పెడతారు జానయ్య గారూ?”

తన్మయి అడిగిన ఆ ఒక్క ప్రశ్నతో జానయ్య చేతిలో పానా ఆగిపోయింది.

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటాక సాగర్ రోడ్డు మీద ఆయన షెడ్డు. పాత చిన్నకార్ల రిపేర్లలో ముప్పై ఏళ్ల పేరు. మన్సూరాబాద్ నుంచి వచ్చిన ఈ అమ్మాయి, ఇరవై ఏళ్లనాటి తన బుల్లికారులో ఉన్న ఇంజిన్ తీసేసి మరింత జోరునిచ్చే టర్బో ఇంజిన్ పెట్టించుకుంటానంటోంది. ఊరికే వచ్చిందా మహాతల్లి! కొలతలన్నీ రాసుకున్న నోటుబుక్కుతో సహా వచ్చింది.

“పెడదాం బిడ్డా. యాడనో ఓ కాడ పెడదాం. జాగకేం తక్కువ?”

“ఎక్కడో ఓచోటంటే కుదరదండీ. ఎక్కడ?”

“డిక్కీల” అనేశాడు జానయ్య.

అమ్మాయి పెన్సిల్ పుస్తకం మీదే ఆగింది. నవ్వలేదు, తప్పనలేదు, రాసుకోనూ లేదు. నవ్వేసినా బాగుండేది! జానయ్య చెవులు వేడెక్కాయి. ఇంటర్‌కూలర్ అంటే టర్బో పంపే వేడిగాలిని చల్లబరిచే డబ్బా అని మాత్రం ఆయనకు తెలుసు. ఎక్కడ బిగించాలో తెలియదు.

తెలియదని చెప్పొచ్చు కదా అంటారా? ఎంత మాట! ఉస్తాద్ అనిపించుకున్నవాడు కస్టమర్ ముందు ‘నాకు రాదు’ అన్నాడంటే, పొద్దుగూకేలోగా ఆ రోడ్డు మీది షెడ్లన్నింటికీ పాకిపోతుంది. పైగా పాత కార్లన్నీ ఒక్కొక్కటే తుక్కు కింద పోతున్నాయి. వారం రోజుల్లో షెడ్డు గడప తొక్కిన బండి ఇదొక్కటే.

“ఇంతకుముందు ఇలాంటివి ఎన్ని చేశారండీ?”

“పదో పన్నెండో చేసుంట.”

“ఒకటి చూడొచ్చా?”

“ఎందుకు చూడొద్దు! దిల్‌సుఖ్‌నగర్‌ల మా దోస్తు అంతయ్య బండి ఉన్నది. మస్తు ఉరుకుతది.”

“అయితే ఆయనకి ఫోన్ కలపండి. ఇంజిన్ బాగా వేడెక్కుతోందా అని ఒక్క మాట అడుగుతాను.”

ఇక ఉస్తాద్‌కు మిగిలింది చాయ్ ఒక్కటే. షెడ్లలో అదో పాత ఉపాయం. పని అర్థం కానప్పుడు చాయ్ చెప్పడం, కస్టమర్ ఊదుకుని తాగేలోగా వెనక్కి పోయి తెలిసినవాణ్ణి అడిగి రావడం, వచ్చాక అంతా పుట్టుకతోనే వచ్చినట్టు మాట్లాడటం.

“జర చాయ్ తాగుతుండు బిడ్డా, రెండు నిమిషాల్ల వస్త” అని ఆమె చేతిలో గ్లాసు పెట్టించి, షెడ్డు వెనక టైర్ల చాటుకు పోయి ఫోన్ చేశాడు. సీటు కవర్లు కుట్టుకునే అంతయ్య వెంటనే ఎత్తాడు.

“అరే అంతయ్యా, ఓ పిల్ల మాట్లాడుతది. నీ కారుకు నేను టర్బో పెట్టిన్నని చెప్పు.”

“నాకు కారు యాడిదిరా? మెట్రోల తిరుగుతున్న.”

“ఉన్నదను!”

“ఏం రంగని చెప్పాలె?”

“ఏదో ఓ రంగు చెప్పురా! ఇక్కడ నా ఇజ్జత్ పోతున్నది.”

అంతయ్య కుట్టుమిషన్ ఆపేశాడు.

“జానయ్యా, నీకు రాని పని నువ్వు చేసిస్తవు. ఆ పిల్ల గా బండేసుకొని హైవే మీద ఉరికిస్తది. ఏమన్న అయితే? రాదంటే రాదని చెప్పరాదా?”

ఫోన్ పెట్టేసి జానయ్య ఓ టైరు మీద కూలబడ్డాడు. తన పేరు పోతుందనే ఇంతసేపూ పరేషాన్ అయ్యాడు గానీ, ఆ పిల్ల ప్రాణం సంగతే తట్టలేదు. ఛీ, ఇదేం బతుకు అనిపించింది.

ఆయన చేసిన సిగ్గుమాలిన పని ఇంకోటి కూడా ఉంది, అదీ చెప్పేయాలి. టర్బో పని నేర్చుకుందామని రెండు నెలల కిందట వాట్సాప్‌లో ఓ కార్ల గ్రూపులో చేరాడు. ఈ యాభై ఏడేళ్ల పెద్దమనిషి పేరు అక్కడ చింటూ, చదువు పాలిటెక్నిక్ రెండో సంవత్సరం! ఆ ముసుగులో రోజూ ఓ సందేహం అడుగుతాడు. గ్రూపు నడిపే మనిషి విసుక్కోకుండా జవాబిస్తారు. ఎవరో, ఏ ఊరో తెలియదు. అందరూ గురువుగారంటే తనూ గురువుగారే అంటాడు.

ఇప్పుడా గురువుగారికే విడిగా రాశాడు.

“గురువుగారూ, మాఫ్ చెయ్యండి. నేను చింటూను కాదు, కాలేజీ పోరన్ని కాదు. ముసలి మెకానిక్‌ని. మిమ్మల్ని మోసం చేసిన. షెడ్డుల ఓ ఆడపిల్ల టర్బో పెట్టమని కూసున్నది. పది బండ్లు చేసిన్నని ఆమెకు కూడ అబద్ధం చెప్పిన. ఒక్కటి కూడ చెయ్యలే. ఇంటర్‌కూలర్ యాడ పెడతరో కూడ నాకు తెల్వదు. పని ఒప్పుకోమంటరా, వద్దంటరా?”

ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పలేని నిజాన్ని మొహం తెలియని మనిషికి చెప్పేశాడు. చెప్పాక కూడా తలెత్తుకోలేకపోయాడు. జవాబు ఏదైనా సరే, లోపలికి పోయి ఆ పిల్లకు దండం పెట్టి కారు తాళాలు తిరిగిచ్చేద్దామనుకున్నాడు. ముఖం తుడుచుకుని లేవబోతుంటే ఫోన్ టింగుమంది.

“ముందు బంపర్ వెనకాల, గాలి తగిలేచోట పెడతారు చింటూ గారూ. మీ నంబరూ ఈ షెడ్డు బోర్డు మీది నంబరూ ఒకటేనని చూశాకే కారు తెచ్చాను. చాయ్ అయిపోయింది, లోపలికి రండి, ఇద్దరం కలిసి కొలుద్దాం.”