మన్నించాలి, ఎడమచెయ్యి

"చూశావా, అవ్వ మళ్లీ నా చెయ్యే చూస్తోంది," అంది వెనింగ్ పళ్లు బిగించి.

పక్కన పనిచేసే లస్త్రి మైనం కుండ కింద మంట తగ్గిస్తూ అటు తిరిగింది. నిజమే. తుకినెమ్ అవ్వ మైనపు కలాన్ని గాల్లో ఆపేసి, రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"పాతకాలపు మనిషి కదక్కా. ఎడమచేతివాటం గిట్టదేమో."

వెనింగ్‌కి ఒళ్లు మండింది.

వాళ్ల ఊరు లాసెమ్‌లో ఎడమచేత్తో ఏది అందించినా "మన్నించాలి, ఎడమచెయ్యి" అని తీరాలి. చిన్నప్పుడు వెనింగ్ ఆ మాట రోజుకి వందసార్లు అనేది. బళ్లో వేళ్ల మీద స్కేలు దెబ్బలు. పెళ్లిళ్లలో "ఆ పిల్లని వడ్డనకి రానివ్వకండర్రా!" అని పిన్ని కేకలు.

చివరికి అదే చేత్తో, మైనంతో బొమ్మ గీసి రంగులద్దే బాతిక్ బట్టలు చేసి ఊళ్లో పేరు తెచ్చుకుంది. సొంతంగా పనిశాల పెట్టింది. అక్కడ ఒకటే కట్టడి: ఏ చెయ్యి వాడినా ఎవరూ మన్నింపు అడగక్కర్లేదు.

తను కట్టుకున్న చోట కూడా ఈ చూపేమిటి? అది పడినప్పుడల్లా వెనింగ్ మళ్లీ ఏడేళ్ల పిల్లయిపోయేది.

పోనీ, అవ్వ పనిమంతురాలా అంటే అదీ లేదు. అరవై దాటాక నేర్చుకుంటానని వచ్చింది. మూణ్ణెల్లయినా గీత తిన్నగా రాదు.

"పక్షా ఇది? కాళ్లు పట్టేసిన కోడిపెట్టా?" అనేది వెనింగ్.

"పక్షేనమ్మా. కాస్త బద్ధకస్తురాలు," అని పకపకా నవ్వేది అవ్వ.

ఆ నవ్వు చూస్తే పొమ్మనడానికి నోరు రాదు. పైగా రోజూ కర్రపెండలం ఉడికించి, కొబ్బరి కలిపి, ఆకులో చుట్టి తెచ్చేది. కుడిచేత్తో పద్ధతిగా అందించేది.

"తినమ్మా. పుల్లలా అయిపోయావు."

కానీ ఆ చూపు! ఓ రోజు వెనింగ్ ఇక ఆగలేకపోయింది.

"అవ్వా, రేపట్నుంచి ఆ స్తంభం అవతల కూర్చో."

అవ్వ ఏదో చెప్పబోయింది. గదినిండా జనం. మాట మింగేసి, పీట ఎత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు కూడా కర్రపెండలం తెచ్చింది.

నెల తిరక్కుండా అవ్వ మంచం పట్టింది. జ్వరమన్నారు. నాలుగో రోజున పోయిందన్నారు. వెనింగ్ ఆ పీట వైపు చూడలేకపోయింది.

అవ్వ పోయిన నలభయ్యో రోజు, ఆనవాయితీ ప్రకారం ఇంటింటికీ అన్నం పెట్టెలు పంచుతూ అవ్వ కూతురు రుమియాతి పనిశాలకీ వచ్చింది. వెనింగ్‌కి పెట్టెతోపాటు ఓ మడతబెట్టిన బట్ట ఇచ్చింది.

"మీకోసం ఇంట్లో తలుపేసుకుని గీసిందండీ. ఇవ్వడానికి సిగ్గుపడింది."

వెనింగ్ విప్పింది. బట్టనిండా పక్షులు. మొదటివి వంకరటింకర. పోనుపోను గీత కుదురుకుంది. చివర్లో వెంట్రుకంత సన్నం, వణుకన్న మాటే లేదు.

"అవ్వే గీసిందా? ఓరి దేవుడా!"

ఆఖరి పక్షికి మాత్రం ఒకటే రెక్క.

"ఇదెందుకు వదిలేసింది?"

"స్తంభం వెనక్కి వెళ్లాక మీ చెయ్యి కనబడలేదటండీ. ఆ మలుపు ఎలా తిప్పాలో తెలీలేదంది."

"నా చెయ్యే ఎందుకు? పన్నెండుమంది గీస్తారిక్కడ. ఎవర్ని చూసినా వస్తుంది కదా?"

రుమియాతి కళ్లు తుడుచుకుంది.

"వాళ్లంతా కుడిచేతివాళ్లండీ. మా అమ్మకి అయిదేళ్లప్పుడే వాళ్ల నాయనమ్మ గుడ్డపేలికతో చెయ్యి కట్టేసి మాన్పించిందట. మిమ్మల్ని చూశాకే మళ్లీ వాడింది. గదిలో తను ఒక్కతే ఉన్నా సరే, కలం పట్టే ముందు 'మన్నించాలి, ఎడమచెయ్యి' అనుకునే మొదలుపెట్టేదండీ."