టేకు లాంచీ

ఎనభై ఆరులో పెద్ద వరద వచ్చిన పన్నెండో ఏడు, వేసవి సెలవుల్లో గున్నేశ్వరరావు తన వీధిలోని పిల్లలకు బొమ్మ పడవలు చేయడం నేర్పడానికి పూనుకున్నాడు. మూడో ఆదివారానికి పక్కింటి శృతి ఒక్కతే మిగిలింది.

“మిగతావాళ్ళేరే?” అన్నాడు, చెక్క పలకకి జిగురు రాస్తూ.

“రారంటండి తాతగారూ.”

“మీరు పెట్టే పూతరేకులు అయిపోయాయిగా, ఇంకెందుకొస్తారూ?” అంది లోపల్నుంచి ఆయన భార్య జగదాంబ.

“నువ్వూరుకో. నా తర్వాత ఈ పని తెలిసినవాళ్ళు ఊళ్ళో ఒక్కరైనా ఉండాలని నా బాధ.”

శృతి పలక అందుకోబోయింది.

“ఆఁ, ముట్టుకోకు! ముందు చూసి నేర్చుకో.”

“మూడు వారాల్నించీ చూస్తున్నానండి.”

“ఏం నేర్చుకున్నావు?”

“మీకీ పని బాగా వచ్చనండి.”

లోపల జగదాంబ నవ్వింది. గున్నేశ్వరరావు నవ్వలేదు.

“వచ్చేవారం నుంచి నేనూ రానండి. కుట్టుమిషన్ నేర్చుకుంటాను. అక్కడ మొదటిరోజే గుడ్డా కత్తెరా చేతికిస్తారంట.” శృతి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

బల్ల మీద ఆయన ఆరు నెలలు కూర్చుని చేసిన టేకు లాంచీ ఉంది. దాని మీద ఇంకొకరి వేలిముద్ర పడలేదు.

మర్నాడు పొద్దున్నే గున్నేశ్వరరావు ఉలి పెట్టి లాంచీ పైకప్పు ఊడబెరికాడు. లాంచీనీ ముక్కలన్నిటినీ పళ్ళెంలో పెట్టుకుని, జిగురు సీసా కూడా పెట్టుకుని, పక్కింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“లాంచీ పాడైందమ్మా. కాస్త బిగించిపెట్టు,” అన్నాడు శృతితో. “నేను చూస్తూ కూర్చుంటాను.”